కౌంటీ బయటి నాలుక

కాకర్ సిటీ, కాన్సాస్
ఏప్రిల్

చెల్లీ లవాన్,

మేం క్షేమం. బండి ఇంకా క్షేమం. డెల్మార్ పొద్దున లేవగానే ముందు దాని ఆరోగ్యం కనుక్కుని, ఆ తర్వాత నన్ను పలకరిస్తాడు.

ఫోన్ ఎందుకు చెయ్యవని అడిగావు. ఈ బండి ఇంట్లో ఏ మూల నిలబడి మాట్లాడినా మీ బావ చెవిలో మాట్లాడినట్టే ఉంటుంది. మొగుడి సంగతులు చెల్లెలితో చెప్పుకోవడానికి గోడలుండాలి కదా. అందుకే క్యాంపులో బట్టలుతికే గదికి వచ్చి రాస్తున్నాను. మిషన్లు గిరగిరా తిరుగుతున్నాయి. నా పక్కన నా ఈడు ఆడవాళ్ళు ఇద్దరు వాళ్ళ వాళ్ళకి రాసుకుంటున్నారు. అందరం "ఎంత స్వేచ్ఛో!" అనే రాస్తున్నామనుకుంటాను.

ఎంత స్వేచ్ఛో, లవాన్! బండి పక్కన "స్వేచ్ఛా విహారి" అని పెద్ద అక్షరాలతో రాసుంటుంది, నువ్వు చూశావుగా. విహారం బండిది, స్వేచ్ఛ డెల్మార్‌ది, అంట్లు నావి. పొద్దున్నే మరుగుదొడ్డి తొట్టి ఖాళీ చేసే కార్యక్రమం ఉంటుంది. క్యాంపులోని మగవాళ్ళంతా కాఫీ కప్పులతో వచ్చి చుట్టూ నిలబడతారు. "గొట్టం కొంచెం పైకెత్తు డెల్మార్" అని ఒకడు, "వద్దొద్దు, దించు" అని ఇంకొకడు. ఉద్యోగాలు మానేసిన మగవాళ్ళకి ఇంత ముఖ్యమైన పని మళ్ళీ దొరకదు.

నిన్న ప్రపంచంలోకెల్లా పెద్ద పురికొస ఉండ చూశాం. పేరులో ఉన్నదే, పురికొసను ఉండగా చుట్టారు. అడిగితే మనకీ కొంచెం తాడిచ్చి చుట్టమంటారు. మీ బావ టోపీ తీసి మరీ చుట్టాడు. "చరిత్రలో మన పోగు కూడా ఉందే ఆర్డిస్" అన్నాడు. మైదానాల అందాలు చూద్దామని బయల్దేరాం గాని, ఆయన చూసేవి రోడ్లే. బతుకంతా మన కౌంటీ మట్టిరోడ్లు చదును చేసే యంత్రం మీదే గడిచింది కదా, ఏ కౌంటీలోకి పోయినా బండి ఆపి, దిగి, బూటుతో కంకర గీరి చూస్తాడు. "నడుమ ఎత్తే లేదు. నీళ్ళెటు పోతాయి? ఈ రోడ్డేసినోడికి ఇంట్లో కూడు పెట్టట్లేదా?" అంటాడు. ఆ ఊళ్ళో గోధుమ చేల మీద సూర్యుడు దిగుతుంటాడు, ఈయన వాళ్ళ రోడ్డును తిడుతుంటాడు.

ఇల్లు అమ్మినందుకు నాకేం బాధ లేదు. ఎవరడిగినా అదే చెప్పు.

ఆగస్టులో కౌంటీ జాతరకి మాత్రం వస్తున్నాం. గసగసాల కొలాచీ తీపి రొట్టెల పోటీలో ఎప్పటిలాగే నా పళ్ళెం ఉంటుంది. నువ్వూ పెట్టు. నీలం రిబ్బన్ సంగతి నేను చూసుకుంటాను, రెండో బహుమతి ఎర్ర రిబ్బన్ నీకోసం ఎప్పుడూ ఉండేదే కదా.

అక్క,
ఆర్డిస్


బ్రెన్నర్, నెబ్రాస్కా
మే

అక్కా,

నీ ఉత్తరం చదివి మనసు నిండిపోయింది. ఎంత అదృష్టం! ఇక్కడ నేను పొద్దున్నే లేచి నా సొంత గోడల మధ్య, కదలని స్టవ్వు మీద కాఫీ పెట్టుకుంటున్నాను. ఒంటరి ఆడదాన్ని, నా బతుకింతే.

నీ ఇల్లు కొన్న పిల్లలు మంచివాళ్ళే. ముందు తలుపుకి నల్లరంగు వేశారు. నీ పియోనీ పూల మడి తవ్వి కోళ్ళ గూడు పెట్టారు. ఈ సంగతులు నీకు రాయకూడదని గట్టిగా అనుకున్నాను.

ఒక ఉపాయం చెప్తాను. ఆదివారం చర్చి అయ్యాక కాఫీ దగ్గర మాట వచ్చింది. బండి ఇళ్ళవాళ్ళంతా సౌత్ డకోటా చిరునామా తీసుకుంటారట. అక్కడ క్యాంపులో ఒక్క రాత్రి పడుకుని రసీదు చూపిస్తే చాలు, ఆ రాష్ట్రం మనుషులైపోతారట. పన్నులు తక్కువ. టపా కూడా వాళ్ళే అందుకుని మీరెక్కడుంటే అక్కడికి పంపుతారట. బావలాంటి తెలివైనవాడికి ఇది తెలియకుండా ఉండదు, అయినా ఒకమాట చెవిన వెయ్యి. నీ మేలు కోరేదాన్ని కాబట్టి చెప్తున్నాను, నాకేం ఒరుగుతుంది?

నీ చెల్లెలు,
లవాన్

తా.క. ఈసారి గసగసాలు పాలల్లో ఎక్కువసేపు నానబెట్టి చూస్తున్నాను. ఊరికే, నాలుగు రోజులు పొద్దుపోవడానికి.


మిచెల్, సౌత్ డకోటా
జూన్

లవాన్,

నీ బావ నీ ఉపాయం విని ఎగిరి గంతేశాడు. మేమిప్పుడు సౌత్ డకోటా మనుషులం! ఒక్క రాత్రి నిద్రపోయాం, అదీ వడగళ్ళ వానలో. పొద్దున ఆఫీసులో అమ్మాయి నవ్వుతూ కొత్త లైసెన్సు చేతిలో పెట్టింది. పుట్టి పెరిగి, పెళ్ళాడి, ముసలిదాన్నయిన నెబ్రాస్కా ఒక్క రాత్రిలో పరాయిదైపోయింది. పెళ్ళిలో కూడా ఇంత తొందరగా ఇంటిపేరు మారలేదు.

జాతర కోసం సాధన మొదలుపెట్టాను. ఈ బండిలో పిండి పొంగించడం ఎంత అవస్థో నీకు తెలియదు. గాలి తగలని చోటు స్నానాల గది ఒక్కటే. పిండి గిన్నె అక్కడ పెట్టి తలుపేస్తాను. డెల్మార్ మరిచిపోయి స్నానానికి వెళ్తాడు. మొన్న పిండి బాగా పొంగింది, ఇంతలో పక్కనుంచి పశువుల లారీ ఒకటి పోయింది, బండి ఊగింది, పిండి చప్పబడిపోయింది. నిన్న పొంగింది, కాల్చాను. కాని బండి ఏటవాలు నేల మీద నిలబెట్టి ఉంది. కొలాచీల నడుమ గుంటల్లో పెట్టిన గసగసాల ముద్దంతా ఒకే వైపు కారిపోయి, పన్నెండు కొలాచీలూ దక్షిణం వైపు చూస్తున్నాయి. డెల్మార్ రసమట్టం తెచ్చి, చక్రాల కింద చెక్కలు పెట్టి, ఓవెన్ సమంగా వచ్చేదాకా పడుకుని లేచి పడుకుని లేచాడు. "ఇప్పుడు కాల్చవే, నా రోడ్లంత చదునుగా ఉంది" అన్నాడు. ఆ మాటకి నాకు మన ఊరి రోడ్డు గుర్తొచ్చి, ఎందుకో ఏడుపొచ్చింది. ఉల్లిపాయ అని చెప్పాను. కొలాచీలో ఉల్లిపాయ ఏమిటని అడగలేదు ఆయన, పాపం.

ఆగస్టు ఎప్పుడొస్తుందా అని ఉంది.

ఆర్డిస్


బ్రెన్నర్
జూన్ చివర

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా పరాయివాళ్ళ నోట వినేకన్నా నేను చెప్పడమే మేలు.

జాతర కమిటీ సమావేశానికి వెళ్ళాను. వంటల పోటీలు చూసుకునే గ్లెనిస్ వోబోరిల్ నిబంధనలు చదువుతుండగా నా గుండె ఆగినంత పనయింది. పోటీలో పాల్గొనేవాళ్ళు ఈ కౌంటీ నివాసులై ఉండాలట! అలాంటి నిబంధన ఒకటుందని నేను కలలో కూడా అనుకోలేదు. నువ్వు సౌత్ డకోటా మనిషివి కదా ఇప్పుడు. నేను వెంటనే లేచి, "మా అక్క విషయంలో మినహాయింపు ఇవ్వకూడదా?" అన్నాను. మరీ గట్టిగా అనలేదులే, సభామర్యాద ఒకటుంటుంది కదా. ఎవరూ వినలేదు.

నేనెలాగూ పోటీలో పెడుతున్నాను, మన ఇంటి పరువు కోసం.

కన్నీళ్ళతో,
లవాన్


వాల్, సౌత్ డకోటా
జూలై

లవాన్,

నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అని నీలాంటివాళ్ళను చూసే అన్నారు. నువ్వు కమిటీలో ఎన్నేళ్ళుగా ఉన్నావు? ఆ నిబంధనల కాగితం ఏటా అచ్చు వేయించేది ఎవరు? "నాకేం ఒరుగుతుంది" అన్నావు, ఇప్పుడు తెలిసింది ఏం ఒరుగుతుందో. నీలం రిబ్బన్ కోసం అక్కను రాష్ట్రం దాటించిన దానివి నువ్వు. కొండలు చూపిస్తానని మీ బావ పిలుస్తున్నాడు. ఈ కొండల్లో ఒక్క చెట్టు లేదు, నీ గుండెలాగే.

(ఇది రాసి పక్కన పెట్టాను, పోస్టు చెయ్యలేదు. ఇప్పుడు కిందది కూడా చదువు.)

ఇవాళ గ్లెనిస్ ఫోన్ చేసింది. పక్క కౌంటీ నుంచి రావలసిన జడ్జి మేకపిల్ల వెంట పరుగెత్తి తుంటి విరగ్గొట్టుకుందట. "ఆర్డిస్, నువ్వు రాగలవా? జడ్జి కౌంటీ బయటి మనిషే అయి ఉండాలి. నువ్వు ఏకంగా రాష్ట్రం బయటిదానివి!" అంది. జడ్జి చుట్టం కాకూడదన్న నిబంధన మాత్రం లేదట, మీ ఊళ్ళో చుట్టరికం చూస్తే ఏ పోటీకీ జడ్జి దొరకడు కాబట్టి ఎవరూ రాయలేదట. సరేనన్నాను.

కాబట్టి జాతరకి వస్తున్నాను, చెల్లీ. బల్లకి అటువైపు ఉంటాను. గసగసాలు బాగా నానబెట్టు.

ఆర్డిస్


బ్రెన్నర్
జూలై

అక్కా,

ఇక ఆటలు చాలు. ఒక్కమాట వేళాకోళం లేకుండా రాస్తాను.

పుట్టినప్పటి నుంచి నేను నీ తర్వాతే. స్కూల్లో నీ తర్వాత, చర్చి పాటల్లో నీ తర్వాత, అమ్మ వంటింట్లోనూ నీ తర్వాత. జాతరలో నీ పళ్ళెం పక్కన నా పళ్ళెం. మా ఇంట్లో సొరుగు నిండా ఎర్ర రిబ్బన్లే. మా ఆయన చనిపోయిన ఏడాది కూడా పెట్టాను. అప్పుడైనా వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. నువ్వు వచ్చి నన్ను కావిలించుకున్నావు, నీ చొక్కా జేబుకి నీలం రిబ్బన్ వేలాడుతోంది.

ఈసారి నేను బాగా చేస్తున్నాను అక్కా. ఇంతవరకు ఇంత బాగా చెయ్యలేదు. పళ్ళేలకి పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. నా నంబరు నీకు చెప్పను. నువ్వు నాకు దయ చూపించొద్దు, పగా తీర్చుకోవద్దు. రక్తంతో కాదు, నాలుకతో చూడు. బాగా లేకపోతే బాగా లేదను, పడతాను. బాగుంటే మాత్రం నా నీలం రిబ్బన్ నాకియ్యి. ఒక్కసారి చాలు.

లవాన్


బ్రెన్నర్
ఆగస్టు

సౌత్ డకోటా నుంచి విచ్చేసిన జడ్జిగారికి,

జాతర అయింది. మీరు ఫలితం చెప్పి, కాఫీ కూడా తాగకుండా బండెక్కి పోయారు. నాకు అడగడానికి సందు ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడు అడుగుతున్నాను.

హాలు నిండా జనం. నువ్వు తెల్ల ఏప్రన్ కట్టుకుని నన్ను చూసి, "అమ్మా, కాస్త వెనక్కి జరగండి" అన్నావు. అమ్మా! నన్ను! సరే, న్యాయం అంటే అలాగే ఉండాలని జరిగాను. నా పళ్ళెం దగ్గరికొచ్చి అందరికీ వినపడేలా చెప్పావు: "ఏడో నంబరు. మెత్తగా ఉంది. గసగసాలు బాగా నూరారు. బొటనవేలి గుంట కాస్త వాలుగా ఉంది. ఎరుపు." గుంట వాలుగా ఉండక ఏం చేస్తుంది? చిన్నప్పుడు కొట్టం తలుపు ధడాల్న మూసి ఆ వేలు వంకర చేసింది ఎవరు? అంటే ఆ పళ్ళెం నాదని నీకు చూడగానే తెలుసు.

నీలం రిబ్బన్ పాస్టరమ్మకి! నిరుడు మిన్నెసోటా నుంచి వచ్చిన మనిషికి! ఆవిడ కొలాచీ అనే మాట పలకడానికే కష్టపడుతుంది. ఆ పిండి దుకాణంలో ముందే కలిపి, ఫ్రీజర్లో గడ్డకట్టించి అమ్మే పిండి. అది నీకు తెలియదా? పన్నెండూ అచ్చు పోసినట్టు ఒకే కొలత.

ఇంకోటి చెప్తాను. జడ్జీలు ఒక్కసారి కొరికి నీళ్ళు తాగుతారు. పాస్టరమ్మది నువ్వు అలాగే కొరికావు. నాది కొరికావు, ఆగావు, మళ్ళీ కొరికావు. గ్లెనిస్ అటు తిరగ్గానే మిగతాది నోట్లో వేసుకున్నావు. పోతూ పోతూ ఇంకొకటి కాగితం రుమాలులో చుట్టి బావ జేబులో పెట్టావు. నేను వెనక్కి జరిగిన మాట నిజమే, కళ్ళు మూసుకోలేదు.

ఒకటే ప్రశ్న. ఎవరిది బాగుంది?

లవాన్


జేమ్స్‌టౌన్, నార్త్ డకోటా
ఆగస్టు చివర

చెల్లీ,

ఇక్కడ ఎండలు బాగా ఉన్నాయి. సాయంత్రమయ్యేసరికి గాలి. పొద్దుతిరుగుడు చేలు కంటికి ఆననంత దూరం ఉన్నాయి. కాంక్రీటుతో చేసిన పెద్ద అడవిదున్నను చూశాం. మీ బావ దాని కింద నిలబడి ఫోటో తీసుకున్నాడు. ఇక్కడి కౌంటీ రోడ్లు మాత్రం ఫర్వాలేదంటున్నాడు.

పోటీ సంగతి. నువ్వు ఊళ్ళో ఉన్నదానివి, నీకు తెలియనిదేముంది? నీకు నీలం ఇచ్చి ఉంటే మర్నాడు కాఫీ దగ్గర ఏమనుకునేవాళ్ళు? "అయినవాళ్ళకి కంచాల్లో, కానివాళ్ళకి ఆకుల్లో" అనేవాళ్ళు. "అక్క జడ్జి, చెల్లెలికి బహుమతి, ఇంకేం" అనేవాళ్ళు. ఇన్నేళ్ళు నేను తెచ్చుకున్నవాటి మీద కూడా మచ్చ పడేది. పాస్టరమ్మకి ఇస్తే ఎవరూ నోరెత్తరు. అందరికీ మంచిదని అలా చేశాను. నీకూ మంచిదే, ఆలోచించు.

డెల్మార్ మోకాలు నొప్పి తగ్గింది.

ఆర్డిస్


బ్రెన్నర్
సెప్టెంబరు

వానలూ ఎండలూ మాకూ ఉన్నాయి. అడవిదున్నలు లేకపోయినా బతుకుతున్నాం.

పెరటి చెట్టు మందుకి పనికిరాదని తెలుసు. పెరటి చెట్టు అయినందుకే నరికేస్తారని తెలియదు.

నేనడిగింది ఒకటే. దానికి జవాబు లేని ఉత్తరం ఇక రాయకు.

లవాన్


బ్రెన్నర్ వారపత్రిక సంపాదకుడిగారికి,
పియర్, సౌత్ డకోటా నుంచి

అయ్యా,

మీ పత్రికలో ఉత్తరాల శీర్షికలో ఇది ఒక్క అక్షరం తీయకుండా అచ్చు వేయండి. వారం వారం కుక్కల మొరుగుళ్ళ మీద వచ్చే ఫిర్యాదులకన్నా ఇది పొడుగుంటే, ఈ ఒక్కసారికి కుక్కల్ని ఆపండి.

ఈ ఏడు జాతరలో కొలాచీలకి జడ్జిని నేనే. నేను తప్పుడు తీర్పు ఇచ్చాను. గసగసాల కొలాచీలలో ఏడో నంబరు పళ్ళెం అన్నిటికన్నా బాగుంది. అది మా చెల్లెలు లవాన్ హ్రూబీ చేసినది. అది నాకు కొరకకముందే తెలుసు. కొరికాక ఇంకో సంగతి తెలిసింది. అది మా అమ్మ చేతి రుచి. నేను ఎన్నో ఏళ్ళు మీ దగ్గర నీలం రిబ్బన్లు తీసుకున్నాను గాని, ఆ రుచి నాకు ఒక్కనాడూ రాలేదు. ఒకటి మా ఆయన డెల్మార్‌కి ఇచ్చాను. ఆయన కంకర తప్ప దేన్నీ మెచ్చుకోడని మీ అందరికీ తెలుసు. తిని బండి పక్కకి ఆపి, "మీ అమ్మ చేసినట్టుందే" అన్నాడు. మళ్ళీ బండి కదలడానికి చాలాసేపు పట్టింది.

మరి ఎరుపు ఎందుకిచ్చానంటారా? మీ నోళ్ళకి జడిసి ఇచ్చాను. చెల్లెలికి ఇచ్చిందని మీరు కాఫీ దగ్గర కూర్చుని నవ్వుకుంటారని భయపడ్డాను. పరాయి రాష్ట్రం పోయినా మీ భయం నాతోనే వచ్చింది. ఇప్పుడు ఇది చదివి నవ్వుకోండి. అక్క చెల్లెల్ని పొగుడుతోందనుకోండి. అనుకున్నా సరే, దానిది బాగుంది. అందరికన్నా బాగుంది. నాకన్నా బాగుంది.

పాస్టరమ్మగారికి: మీ కొలాచీల్లో తప్పేం లేదు. పన్నెండింటికీ ఒకే కొలత ఎలా వచ్చిందో మీకూ నాకూ దేవుడికీ తెలుసు, అది అక్కడితో ఆపేద్దాం.

ఇట్లు,
ఆర్డిస్ కూబిక్


బ్రెన్నర్
సెప్టెంబరు చివర

అక్కా,

పేపర్ వచ్చింది. ఊరు ఊరంతా గోల. చర్చిలో రెండు పక్షాలయ్యాయి. ఎవరింటికి పోయినా కొలాచీల మాటే. గ్లెనిస్ కమిటీకి రాజీనామా చేస్తానని బెదిరించి, ఎవరూ బతిమాలకపోయేసరికి మానుకుంది. మన ఇంటి పరువు పూర్తిగా తీశావు. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

పాస్టరమ్మ నిన్న నీలం రిబ్బన్ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది పాపం. "ఇది మీదేనండి. నాకు పిండి కలపడం రాదు. నేర్పుతారా?" అంది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. వచ్చే మంగళవారం రమ్మన్నాను. రిబ్బన్ మాత్రం తీసుకోలేదు. నాకిప్పుడు అదెందుకు? నీ ఉత్తరం కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. పాలు తీసినప్పుడల్లా చదువుతున్నాను. పాలు ఎక్కువ తాగుతున్నాను.

సౌత్ డకోటా చిరునామా సంగతి మాత్రం నాకేం తెలియదు, ఎవరో చర్చిలో అంటే చెప్పాను.

బావ గురించి ఒకటి విన్నాను. జాతర రోజు నువ్వు లోపల కొలాచీలు కొరుకుతుంటే, ఆయన ఊరికి ఉత్తరాన ఉన్న రోడ్డు మీద కొత్త కుర్రాడి యంత్రం ఆపి, "దిగరా, నీకు చేతకాదు" అని తాను ఎక్కి మలుపు దాకా చదును చేసి ఇచ్చాడట. ఆ ముక్క ఒక్కటీ అద్దంలా ఉంది. వానలకి మిగతాదంతా గుంటలే. కౌంటీవాళ్ళు ఆయన ఎక్కడున్నాడని నన్ను అడుగుతున్నారు.

మా గారేజీ పక్కన బండి పట్టేంత జాగా ఉంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి మీకు కరెంటు ప్లగ్గు పెట్టించాను. నేల కొంచెం వాలుగా ఉంది, రసమట్టం బావ దగ్గర ఉందిగా. నా వంటింటి తలుపు వేసి ఉండదు. కౌంటీ ఆఫీసుకి వెళ్ళి మళ్ళీ ఈ కౌంటీ మనిషివైపో. ఒక్క రాత్రి సరిపోదు, ఇక్కడ కాస్త ఎక్కువ రోజులు పడుకోవాలి.

ఇది దయతో రాస్తున్నాననుకోకు. నువ్వు లేని పోటీలో నేను బాగా చేశానని ఊరందరికీ చెప్పావు. నాకు నువ్వున్న పోటీలో నెగ్గాలని ఉంది. వచ్చే ఆగస్టుకి నీ పళ్ళెం నా పళ్ళెం పక్కన ఉండాలి.

రా.

లవాన్